నాగవ్వ చెప్పే చక్కెరపట్నం

నాగవ్వ చేతిలో పప్పు గరిటె లేచిందంటే మా బడిలో లైను కట్టిన అరవై మంది పిల్లలూ గప్‌చుప్ అయిపోయేవారు. పోయేవారు అంటున్నాను చూశారా, ఆ సంగతికే వస్తాను, కొంచెం ఓపిక పట్టండి. ముప్పై అయిదేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, పక్కదారి పట్టకుండా ఒక్క పాఠమైనా ముగించిన పాపాన పోలేదు.

బోధన్‌కి ఆరు కిలోమీటర్ల దూరంలో, ఒకపక్క చెరుకు, ఒకపక్క కాలువ కింద వరి ఉన్న చిన్న ఊరు. నేను ఉద్యోగంలో చేరింది అక్కడి బడిలోనే, రిటైరయ్యాక మళ్లీ పట్టుకున్నదీ ఆ బడినే. జీతం లేదు, రిజిస్టరులో పేరు లేదు. ఇళ్లలో మూలపడ్డ పిల్లల పుస్తకాలు అడిగి తెచ్చి, అన్నాలయ్యాక వరండాలో చదివి వినిపిస్తుంటాను. హెడ్‌మాస్టరమ్మ జ్యోతిరాణి ఒకప్పుడు నా దగ్గర మూడో తరగతి చదివిన పిల్ల. నేను కూర్చుంటే గంట కొట్టినా ఎవరూ క్లాసులోకి కదలరని విసుక్కుంటుంది కానీ, రావద్దని మాత్రం అనదు.

నాగవ్వ కూడా అదే క్లాసు. జ్యోతిరాణీ తనూ ఒకే చాప మీద కూర్చున్నారు. ఇప్పుడు ఒకరు ఆఫీసు గదిలో, ఒకరు వంటగదిలో. నాలుగో తరగతి మొదట్లోనే నాగవ్వ బడి మానేసింది. అప్పట్లో అదేమీ వింత కాదు. తల్లి పెంటవ్వ బీడీలు చేసేది. తండ్రి లింబయ్యకు చెరుకు బండి ఉండేది. ఆ ఏడు పెంటవ్వకు జబ్బు చేసి మంచం పట్టేసరికి, తొమ్మిదేళ్ల నాగవ్వ ఒళ్లోకి బీడీల చాట వచ్చింది. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం పెద్దవాళ్లు చేస్తే, బీడీ మూతి మడవడం పిల్లల పని. సన్నని వేళ్లకైతేనే అది చకచకా వస్తుంది. ఆ తర్వాత పెళ్లి, మొగుడి మరణం, పిల్లల పెళ్లిళ్లు, అన్నీ ఆ చాట ముందు నుంచే నడిచాయి. పదేళ్ల కింద కళ్లు మసకబారి బీడీలు మానేసి, బడి వంటకు వచ్చింది.

ఇన్ని జరిగినా నాగవ్వ నోట తండ్రి మీద చిన్న మాట కూడా నేను వినలేదు. అన్న పరమేశ్వర్‌ను చదివించి తనను చాట ముందు కూర్చోబెట్టాడని ఎవరన్నా అంటే నవ్వేది. "అన్నకు బడి ఇచ్చిండు, నాకు కథ ఇచ్చిండు. నా పేరు మీద కథ కట్టిండు మా బాపు. మీ బాపు కట్టిండా?" అని ఎదురడిగేది.

ఆ కథే చక్కెరపట్నం. చెరుకు బండి మీద నిద్రపోయిన నాగవ్వ అనే పిల్ల గడతో పాటు ఫ్యాక్టరీలో పడి, చీమంత అయిపోయి, నేల కిందున్న ఊళ్లో తేలుతుంది. అక్కడ గోడలు చక్కెరవి. ఎవరి గోడ వాళ్లు నాకితే తప్పు లేదు, పక్కింటి గోడ నాకితే మాత్రం చీమ పోలీసులు నాలుక మీద నంబరు వేస్తారు. బేస్తవారం బేస్తవారం షర్బత్తు వాన. రాజుగారు ఒక ఈగ. సింహాసనం మీద కూర్చుంటే కాళ్లు అంటుకుపోతాయని జీవితమంతా ఎగురుతూనే రాజ్యం చేస్తాడు. పిల్ల అక్కడ జడ్జి అవుతుంది.

నాగవ్వ దీన్ని అందరిలా చెప్పదు. గరిటెకో మాట. ఒక పళ్లెంలో పప్పు పోస్తూ ఒక వాక్యం, తర్వాతి పళ్లెంలో ఆ తర్వాతి వాక్యం. ఎవడైనా లైనులో ముందుకు దూరితే వాడి మాట వాడికి దొరకదు. అన్నం దగ్గర వరుసగా కూర్చుని ఎవరికొచ్చిన మాట వాళ్లు చెప్పి కలుపుకుంటేనే ఆ రోజు కథ. అందుకే తోపులాట లేదు, చప్పుడు లేదు. నాకు చెప్పడం రాక గానీ, చూడాల్సిన సంబరం అది.

ఇలా చెప్పడం తండ్రి దగ్గరే నేర్చుకుంది. లింబయ్య చాట ఎదురుగా కూర్చుని చెప్పేవాడట. పిల్ల వేళ్లు ఆడుతున్నంతసేపే కథ. వేళ్లు ఆగితే ఆయనా ఆగి చుట్ట వెలిగించుకునేవాడు. "చేతులాగినయంటే ఈగరాజు కిందపడతడు బిడ్డా" అనేవాడట. ఈగరాజును కింద పడనివ్వకూడదని వేళ్లు నొప్పెట్టినా ఆపేదాన్ని కాదని నాగవ్వ నాకు ఎంతో మురిపెంగా చెప్పింది. నేనూ అంతే మురిపెంగా విన్నాను.

పోయిన జూలైలో పరమేశ్వర్ ఇంటికి వెళ్లాను. నిజామాబాద్‌లో మోటర్లకు వైండింగ్ చేసే షాపు ఉంది అతనికి, వెనక ఇల్లు. అతనూ నా దగ్గర చదివినవాడే. ఆ వేళకు ఇంట్లో లేడు. అతని భార్య శ్రీవాణి అటక సర్దుతూ, పిల్లల పాత పుస్తకాలు ఉన్నాయి తీసుకుపొమ్మని ఒక సంచి ఇచ్చింది. నేనేమో బంగారం దొరికినవాడిలా దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను.

మర్నాడు అన్నాలయ్యాక వరండాలో సంచి విప్పాను. అడుగున నలభై పేజీల బొమ్మల పుస్తకం ఒకటి, చెమ్మకు ఉబ్బిపోయి ఉంది. మొదటి కాగితం అట్టకు అతుక్కుపోయింది. సరేలే అని తర్వాతి పేజీ నుంచే మొదలెట్టాను. రత్తి అనే పిల్ల చెరుకు బండి మీద నిద్రపోయింది, అని చదివానో లేదో పిల్లలు గోల. తప్పు చదువుతున్నారు సారు, ఆమె రత్తి కాదు నాగవ్వ, అని. నేను నవ్వి ఇంకో నాలుగు వాక్యాలు చదివాను. షర్బత్తు వాన వచ్చింది. ఈగరాజు వచ్చాడు. నా సంబరం చూడాలి మీరు. గొంతు పెంచేశాను, ఈగలా చేతులు కూడా ఆడించాను.

నాగవ్వ గిన్నెలు తోముతున్నదల్లా లేచి వచ్చి వాకిట్లో నిలబడింది. మోచేతుల దాకా బూడిద. నేను చదవబోయే వాక్యం నాకంటే ముందు తను చెప్పింది. ఇంకొకటి చదవబోతే అదీ చెప్పింది. ఒక్క మాట తేడా లేదు.

"మీ బాపు కథ అచ్చులో పడ్డదే నాగవ్వా" అన్నాను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో ఇంకోటి అని ఉండను.

"గది ఎన్నటి పుస్తకం సారు?"

ఎప్పుడు అచ్చయిందో చూద్దామని అట్టకు అతుక్కున్న కాగితాన్ని గోటితో మెల్లగా లేపాను. లోపల సిరాతో రాసిన నాలుగు వరుసలు. దస్తూరీ నాదే. నా 'థ'కు నేను పెట్టే వంకీ నేనెక్కడున్నా గుర్తుపడతాను. ఆ ఉత్సాహంలో ఏం చదువుతున్నానో బుర్రకెక్కకముందే పైకి చదివేశాను.

"కుమారి నాగవ్వ, తండ్రి లింబయ్య. మూడవ తరగతి వార్షిక పరీక్షలలో ప్రథమ బహుమతి. 15 ఆగస్టు 1982."

పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లకేం తెలుసు. నాకు మాత్రం అప్పుడు తట్టింది. ఆ రోజు జెండా కింద పేరు పిలిస్తే పిల్ల రాలేదు. ఏడో తరగతి కొడుకు డ్రిల్లు చూడడానికి వచ్చిన లింబయ్య వెనక నిలబడి ఉన్నాడు. పిలిచి పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని తీసుకుపోయాడు.

నాగవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ కాగితం తన వైపు తిప్పుకుంది. కళ్లజోడు లేదు. అక్షరం అక్షరం వేలితో తడుముతూ తన పేరు చదువుకుంది. ప్రథమ అన్నచోట వేలు ఆగింది.

"ప్రథమ అంటే ఒకటో నంబరేనా సారు?"

"అవును."

"క్లాసుల ఎంతమంది ఉండె?"

"ముప్పై ఎనిమిది."

ఆఫీసు గది వైపు చూసింది. "జ్యోతిరాణి?"

"రెండో నంబరు" అన్నాను.

తల ఊపింది. లేచి వెళ్లి మిగిలిన గిన్నెలన్నీ తోమింది. సాయంత్రం వంటగదికి తాళం వేసి నా దగ్గరకొచ్చి, రేపు ఆదివారం కదా, అన్న దగ్గరకు పోదాం, పుస్తకం పట్టుకుని మీరు కూడా రండి అంది. వస్తారా అని అడగలేదు.

బస్సులో నాగవ్వ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుంది, నేను నాకు కొనుక్కున్నాను. ఎడపల్లి దాకా నేనే మాట్లాడాను. పుస్తకం ఎవరిదైతేనేం, నీ పేరు పెట్టి చెప్పాడంటే ప్రేమే కదా అన్నాను. లింబయ్యకు చదువు రాదు కదా, ఎవరి దగ్గరో విని ఉంటాడన్నాను. నా మాటలకు నేనే తలూపుకున్నాను. జానకంపేట దాటాక నాగవ్వ కిటికీలోంచి మొహం తిప్పకుండా అడిగింది.

"నేను బడికి రాకపోతే మీరు మా ఇంటికి ఎందుకు రాలే సారు?"

ఆ ఏడు అలా మానేసినవాళ్లు ఆరుగురు. ఎవరింటికీ వెళ్లలేదు. కొత్త ఉద్యోగం. బీడీల ఇళ్లలో ఇది మామూలేనని పెద్ద పంతులు అన్నాడు, నేనూ అనుకున్నాను. ఇదంతా ఆమెకు చెప్పాను. చెప్పిన తర్వాత నిజామాబాద్ బస్టాండు వచ్చేదాకా నోరు విప్పలేదు. నన్నెరిగినవాళ్లు నమ్మరు ఈ మాట.

షాపు మూసి ఉంది. పరమేశ్వర్ వరండాలో ఒక పంపు మోటరు విప్పుకుని కూర్చున్నాడు. చెల్లెలిని చూసి నవ్వుతూ లేచాడు, నా చేతిలో పుస్తకం చూసి మళ్లీ కూర్చున్నాడు. శ్రీవాణి లోపల్నుంచి చాయ్ తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

నాగవ్వ కోపంగా అడగలేదు. మార్కెట్లో కూర ధర అడిగినట్టు అడిగింది. "బాపుకు చదువు రాదు. గీ కథ బాపుకు ఎవరు చదివిండ్రు?"

పరమేశ్వర్ రాగి తీగ చుట్టను చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "నేనే" అన్నాడు. "పొద్దుమూకినంక కొట్టంల ఎడ్లకు మేత ఏస్తుంటే రోజుకొక కాయితం చదువుమనేటోడు. రెండుసార్లు చదివిపిచ్చుకునేటోడు. యాదికి పెట్టుకోని వచ్చి నీకు చెప్పేటోడు."

"నువ్వు లెక్కలు అప్పజెప్తున్నవ్ అనుకున్న."

అతను రాగి తీగను ఇంకో చుట్టు తిప్పాడు.

"మొదటి కాయితం మీద నా పేరున్నది. అది సదివినవా?"

"చదివిన."

"ఎందుకు చెప్పలే?"

పరమేశ్వర్ నా వైపు చూశాడు, నేనేదో కాపాడతానన్నట్టు. నేను చాయ్ గ్లాసు వైపు చూశాను. అప్పుడు చెప్పాడు. బహుమతి ఇంటికి తెచ్చిన రోజు బాపు కొట్టంలో కూర్చుని ఏడ్చాడట. పుస్తకం చేతికిస్తే పిల్ల తెల్లారి బడికి పోతానంటుంది, పెంటవ్వ మంచంలో ఉంది, మూతులు ఎవరు మడవాలి అన్నాడట. అన్నం ముందు ప్రమాణం చేయించుకున్నాడట, పుస్తకం సంగతి చెప్పొద్దని.

"నేను పన్నెండేండ్ల పిలగాన్ని. బాపు చెప్పొద్దంటే ఏం చేద్దు?"

"బాపు పోయి ఇరవై రెండేండ్లాయె" అంది నాగవ్వ. "అప్పుడు నీకు పన్నెండేండ్లేనా?"

శ్రీవాణి గుమ్మంలో నిలబడి, అయిపోయిన ముచ్చట కదా వదినా, ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తుంది అని మెల్లగా అంది. పరమేశ్వర్‌కు ఆ మాట ఆసరా దొరికినట్టయింది.

"అవు. నువ్వు చదివితే కలెక్టర్ అయ్యేదానివా? బాపు నీకు కథ ఇచ్చిండు గద. నాకు ఒక్కనాడు ఒక్క కథ చెప్పలే. నీ ఎదురుంగ కూసోని నవ్వుకుంట చెప్తుంటే నేను బయట నిలబడి వినేది."

ఇది విని నా గుండె కరిగింది, నిజం చెప్పొద్దూ. నాగవ్వది కరగలేదు.

"బాపు నాకేమిచ్చిండు, అన్నా" అంది. "పుస్తకం బడి ఇచ్చింది. మీరిద్దరు గది దాచి, అందుల ఉన్నదే తీసి నాకు పెట్టిండ్రు. నా సొమ్మే నాకు పెట్టి, బాపు పెట్టిండు బాపు పెట్టిండు అని నలభై ఏండ్లు ఊరంత చెప్పుకుంట తిరిగిన. నువ్వు ఇనుకుంటనే ఉన్నవ్. నీ బిడ్డ పెండ్లిల, పోరగాండ్లందరిని కూసోబెట్టి చెప్పిన. నువ్వు పక్కకే కుర్చీల కూసున్నవ్. నవ్విండు గూడ, సారు."

చివరి మాట నాతో అన్నది.

పుస్తకం ఇటివ్వమని నాగవ్వ చెయ్యి చాపింది. మొదటి కాగితం పట్టుకుని, కుట్టు దగ్గర గోటితో గీరి, మెల్లగా చింపింది. పుస్తకం చింపితే నా ఒళ్లు గగుర్పొడుస్తుంది, అలవాటు. ఆ రోజు మాత్రం చూస్తూ కూర్చున్నాను. కాగితం మడిచి ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని, మిగిలిన పుస్తకం నా ఒళ్లో పెట్టింది. చాయ్ చల్లారిపోయింది, వేరేది పెడతానని శ్రీవాణి అంటుండగానే మెట్లు దిగింది.

సోమవారం లైనులో పిల్లలు పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. ముందున్న పిల్ల పళ్లెంలో పప్పు పడింది, మాట పడలేదు. పిల్ల కదలకుండా నిలబడింది. నాగవ్వ వెనకవాణ్ణి రమ్మని సైగ చేసింది. వాడూ నిలబడ్డాడు. పదిమంది అలా నిలబడేసరికి వెనక తోపులాట మొదలైంది. రెండు పళ్లేలు కిందపడ్డాయి. జ్యోతిరాణి బెత్తం పట్టుకుని బయటకొచ్చి, ఏమైందే, కథ చెప్తలేవా అంది. పుస్తకం సారు దగ్గర ఉంది, సారు చదువుతాడని నాగవ్వ సమాధానం. నేను చదివాను. నాలుగు రోజులు ఈగలాగా చేతులు ఆడిస్తూ చదివాను. పుస్తకం అయిపోయింది.

అయిపోయాక తెలిసింది అసలు సంగతి. పిల్లలు వదిలిపెట్టలేదు. కళ్లజోడు చీమ ఎక్కడ సారు అని అడిగారు. ఆ చీమకు చదువు రాదు, కళ్లజోడు మాత్రం ఉంటుందట. కోర్టులో కాగితాలన్నీ తలకిందులుగా పట్టుకుని గంభీరంగా చూసి, వేలిముద్ర వేసి పంపిస్తుందట. జడ్జి ఆ కాగితం సరిగా తిప్పి ఇచ్చి, బయట ఎవరికీ చెప్పదట. నేను పుస్తకం మొత్తం మూడుసార్లు వెతికాను. కళ్లజోడు చీమ లేదు. బావిలో పడ్డ చందమామను పాకం పూసి మళ్లీ ఆకాశానికి అంటించడం లేదు. నాగవ్వను చూడడానికి ఎడ్లబండి మీద నేల కిందికి దిగి వచ్చే ముసలి చీమ లేదు. పిల్లల చేత చెప్పించుకుని లెక్కపెడితే సగానికి పైగా పుస్తకంలో లేవు. నలభై పేజీల పుస్తకం మరి. లింబయ్య చెప్పింది పదేళ్లు.

ఇంకేముంది, నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. పరుగెత్తుకుంటూ వంటగదికి వెళ్లాను. నాగవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పుస్తకం తెరిచి పేజీ పేజీ చూపించాను. ఇది చూడు, ఇది లేదు, ఇదీ లేదు, కళ్లజోడు చీమ మీ బాపే కదా, తన మీద తనే కట్టుకున్నాడు, నీకోసం కట్టాడు, దీనికి పుస్తకం లేదు, ఇది నీదే అన్నాను.

నాగవ్వ చాట ఆడిస్తూనే అంతా వింది. మధ్యలో ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక ఒక రాయి తీసి పక్కన పడేసింది.

"ఇంకో పుస్తకంల ఉంటది సారు."

లేదన్నాను. పరమేశ్వర్‌కు ఫోన్ చేసి అడిగాను, ఆ ఒక్క పుస్తకమే చదివాడట, ఒట్టేశాడు అన్నాను.

"వాడు ఒట్టేసిండా" అంది.

ఆమె అలా అన్నాక నాకు కూడా అనుమానం వచ్చింది, ఏం దాచుకోను. ఏ ఇంటి అటక మీదో, చెమ్మకు ఉబ్బిన ఇంకో పుస్తకం ఉందేమో. లేదని నేనెలా చెప్పగలను. నాగవ్వ నా మొహం చూసి కొంచెం జాలిపడ్డట్టుంది. స్టూలు జరిపి కూర్చోమంది.

"మీరు సంచులు తెస్తనే ఉంటరు గద. దొరుకుతది ఎన్నడో. దొరికితే నాకు చెప్పకుండ్రి."

బియ్యం గిన్నెలోకి వంచి, నీళ్లు పట్టడానికి నల్లా దగ్గరికి వెళ్లింది.